చలికాలంలో ట్రాక్టరు ఇంజన్ ఆయిల్‌లో తేమ: కారణాలు, గుర్తింపు, నివారణ

జగిత్యాల జిల్లా కథలాపూర్ మండలంలో యాసంగి వరికి పొలాలు సిద్ధం చేసే పని డిసెంబరు, జనవరి నెలల్లో ముమ్మరంగా సాగుతుంది. ఉత్తర తెలంగాణలో రాత్రి ఉష్ణోగ్రతలు బాగా పడిపోయే రోజులు కూడా ఇవే. ఈ కాలంలో ట్రాక్టరు ఇంజన్‌పై ఆయిల్ పోసే మూత తీసి చూస్తే, లోపలివైపు మీగడ వంటి తెల్లని పూత కనిపించడం కద్దు. దీన్ని చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఇంజన్ విప్పించేవారున్నారు. మంచు తేమేనని తుడిచి ఊరుకునేవారూ ఉన్నారు. మొదటిది అనవసరపు ఖర్చుకు, రెండవది ఇంజన్ అరుగుదలకు దారితీయవచ్చు. సరైన నిర్ణయం తీసుకోవాలంటే తేమ ఎక్కడి నుంచి వస్తుందో ముందుగా తెలియాలి.

తేమకు మూలం

రాత్రి చల్లదనానికి గాలిలోని తేమే నీరుగా మారుతుందన్న అభిప్రాయం ఉంది. లెక్క చూస్తే దీని వాటా స్వల్పం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని నిలుపుకోగలదు. 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములే. క్రాంక్‌కేస్‌లో 10 లీటర్ల గాలి ఉందనుకుంటే, ఒక రాత్రిలో నీరుగా మారేది దాదాపు 0.2 గ్రాములు మాత్రమే.

అసలు మూలం డీజిల్ దహనం. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా బయటకు పోతుంది. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. అది నూటికి ఒక వంతే అనుకున్నా 10 గ్రాములవుతుంది. ఇది రాత్రి చేరే తేమకు 50 రెట్లు.

ఆయిల్ 80-90 డిగ్రీల వరకు వేడెక్కితే ఈ ఆవిరి బ్రీదర్ గుండా వెళ్లిపోతుంది. అంతకుముందే ఇంజన్ ఆపితే లోపలే నీరుగా మారి ఆయిల్‌తో కలుస్తుంది. కాబట్టి గంటల తరబడి దమ్ము చేసే ట్రాక్టరు కన్నా, ఉదయం నారుకట్టలో ఎరువు బస్తాలో చేరవేసి పది నిమిషాల్లో ఆగిపోయే ట్రాక్టరుకే ఈ ఇబ్బంది ఎక్కువ. వేసవిలో ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసివేస్తే, చలికాలంలో ఇంజన్ తగిన వేడిని అందుకోక సమస్య పెరుగుతుంది.

కలిగే నష్టం

నీరు ఆయిల్ పొరను బలహీనపరచి బేరింగుల అరుగుదలకు కారణమవుతుంది. దహన వాయువులతో కలిసి ఆమ్లాలను ఏర్పరుస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు పరిమితమైనా, నైట్రోజన్ ఆక్సైడ్ల వల్ల కలిగే ఆమ్లత్వం మిగిలే ఉంటుంది. మసితో కలిసిన నీరు మడ్డిగా మారి ఫిల్టరుకు అడ్డుపడుతుంది.

గుర్తించే విధానం

పూత మూతకే పరిమితమై, డిప్‌స్టిక్‌పై ఆయిల్ మామూలుగా ఉండి, రేడియేటర్ నీరు తగ్గకపోతే అది సాధారణంగా దహన తేమే. ఇంజన్‌ను గంటసేపు బరువు పనిలో నడిపి, పూత తుడిచి, మరునాడు తిరిగి పరిశీలించాలి. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలవలె మారినా, ఆయిల్ మట్టం పెరిగినా, రేడియేటర్ నీరు తరచూ తగ్గినా నీరు లీకవుతోందని అనుమానించి వెంటనే ఇంజన్ ఆపాలి. సందేహముంటే సుమారు 150 డిగ్రీల వేడి పలకపై ఒక చుక్క ఆయిల్ వేయాలి. చిటపటలాడితే నీరు ఉన్నట్లే. ఈ పరీక్షను ఆరుబయట, కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించి చేయాలి.

నివారణ

• చిన్న చిన్న పనులను కలిపి ఒకేసారి చేయాలి.
• ఊరికే ఎక్కువసేపు ఇంజన్ తిప్పడం కన్నా, తేలికపాటి బరువుతో నడిపి వేడెక్కించాలి.
• థర్మోస్టాట్‌ను తొలగించరాదు. పాడైతే కొత్తది అమర్చాలి.
• బ్రీదర్‌ను శుభ్రంగా ఉంచాలి. ట్రాక్టరు కడిగేటప్పుడు దానిపై నీటిధార పడనీయరాదు.
• పని గంటలు పూర్తికాకున్నా, తయారీదారు సూచించిన నెలల గడువులో ఆయిల్, ఫిల్టరు మార్చాలి. వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ దించితే మడ్డి కూడా బయటకు వస్తుంది.
• దించిన ఆయిల్‌ను కాలువలో, పొలంలో పోయరాదు.

విస్తరణ సిబ్బంది రైతులకు ఈ విషయం వివరించేటప్పుడు మూత, డిప్‌స్టిక్, రేడియేటర్ మూడింటినీ వరుసగా చూపడం మేలు. ఆ మూడింటి పరిశీలనతోనే ఇంజన్ విప్పవలసిన సందర్భమేదో, వేడెక్కించి నడిపితే సరిపోయే సందర్భమేదో చాలావరకు తేలిపోతుంది.