గర్భిణికి, బాలింతకు సి విటమిన్



కాన్పు వార్డులో ఉదయం రౌండ్లకు వెళ్ళినప్పుడు మేము తరచు చూసేది ఒకటుంది. ఆపరేషన్ అయి మూడో రోజు. మంచం పక్కన స్టీలు క్యారియరు. అందులో మెత్తటి అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం ఉంటాయి. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చినవారైతే సొరపుట్టు కూడా తెస్తారు. "పండేదైనా తిన్నావా అమ్మా?" అని అడిగితే ఆ పిల్ల అత్తగారి వైపు చూస్తుంది. "పుల్లనిది తింటే కుట్లు చీము పడతాయి సిస్టరమ్మా" అని అత్తగారే జవాబు చెబుతుంది.

ఆమె కోడలి మంచి కోరే అంటుంది. అందులో మాకు సందేహం లేదు. సొరపుట్టులో మాంసకృత్తులు ఉన్నాయి, అది మానమని మేము చెప్పము. కాని పులుపు విషయంలో సంగతి పూర్తిగా తలకిందులు. కోసిన చోట చర్మం, కండ అతుక్కోవాలంటే శరీరం కొల్లాజెన్ అనే నారలాంటి పదార్థాన్ని తయారు చేసుకోవాలి. సి విటమిన్ లేకపోతే అది గట్టిగా తయారు కాదు. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగిన నావికులకు పండ్లు, కూరగాయలు దొరక్క చిగుళ్ళ నుంచి రక్తం కారేది, మానిన గాయాలు కూడా మళ్ళీ తెరుచుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజ, నిమ్మ పండ్లు ఇచ్చినవారే త్వరగా కోలుకున్నారని చూపించాడు. కుట్లు చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, శుభ్రత లేకపోవడం వల్ల. నిమ్మకాయ వల్ల కాదు.

ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మామూలు స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు, గర్భిణికి 80, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 115. బిడ్డకు కావలసిన సి విటమిన్ కూడా తల్లి పాల నుంచే వెళ్ళాలి గదా. మనం పథ్యమని పండ్లు ఆపేసే రోజుల్లోనే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ కావాలన్నమాట.

గర్భంతో ఉన్నప్పుడు ఇంకొక అవసరం ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే దాన్ని రక్తహీనత అంటాము. అలాంటి తల్లికి కాన్పులో రక్తస్రావం ఎక్కువైతే తట్టుకునే శక్తి ఉండదు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉన్నా అది పేగుల్లో సరిగా ఇంకదు. అదే భోజనంలో సి విటమిన్ ఉంటే బాగా ఇంకుతుంది. యుక్తవయసు పిల్లలకు అన్నంతో పాటు 100 గ్రాముల జామపండు పెట్టి చూస్తే ఇనుము సుమారు రెండింతలు ఇంకినట్టు 2013లో ఆ సంస్థ శాస్త్రవేత్తలే ప్రచురించారు. భోజనం కాగానే టీ తాగితే ఫలితం దీనికి వ్యతిరేకం. గంటన్నా ఆగండి.

గూడూరు, పొదలకూరు మార్కెట్ల వల్ల మనకు నిమ్మకాయంటే అభిమానం ఎక్కువ. అయితే ఒక చిన్న నిమ్మకాయ రసంలో ఉండేది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. వంద గ్రాముల జామకాయలో రెండు వందల మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. యాపిల్ పండ్లు కొనుక్కొచ్చి రోగికి చూపించే బంధువులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము, యాపిల్‌లో సి విటమిన్ చాలా తక్కువ. పెద్ద ఉసిరికాయ ఒకటి తింటే గర్భిణికి ఆ రోజుకు దాదాపు సరిపోతుంది. వేట నిషేధం రెండు నెలలు చేతిలో డబ్బు ఆడదు, ఎండలకు నిమ్మకాయ ధర కూడా పెరుగుతుంది. అప్పుడు పెరటి మునగాకు ఉండనే ఉంది.

పుల్లనివన్నీ సి విటమిన్ అనుకోకండి. మన చేపల పులుసులో చింతపండు పులుపు ఎంత ఉన్నా ఈ విటమిన్ నామమాత్రమే. నిమ్మకాయ ఊరగాయలో చాలావరకు నశించిపోతుంది, పైగా ఉప్పు. రక్తపోటు ఉన్న గర్భిణికి అది మంచిది కాదు. ఈ విటమిన్ వేడికి పోతుంది, నీళ్ళలో కరిగిపోతుంది. ఆకుకూరను ముందు కడిగి తర్వాత కోయండి, మూత పెట్టి త్వరగా దించండి. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా కాదు, దించిన తర్వాత పిండండి.

ఒక్క హెచ్చరిక. జామకాయ తింటున్నాను గదా అని ఐరన్ మాత్రలు మానేసేవారు ఉన్నారు. అలా చేయకండి. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు మాత్ర వేసుకోవలసిందే. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. నిమ్మరసంతో గుండెల్లో మంట వచ్చేవారు జామకాయ తినండి. పెద్ద మోతాదు సి విటమిన్ మాత్రలు డాక్టరు గారు చెప్పకుండా కొనకండి.

చెకప్ రోజున కోడలిని లోపలికి పంపి అత్తమ్మలు బయట బెంచీ మీద కూర్చుంటున్నారు. వచ్చేసారి మీరూ లోపలికి రండి. క్యారియరు సర్దేది మీరే కాబట్టి పథ్యం సంగతి మేము మీతోనే మాట్లాడాలి.