ఏసీ గదిలో పొగ ఎటు పోతుంది?

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం ముత్తుకూరు వైపు ఒక సైట్ ఆఫీసులో నెల రోజులు కూర్చున్నాను. ఆఫీసంటే ఇనప కంటైనరే. మన తీరంలో మే నెల ఉక్క ఎట్టా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తలుపులు, కిటికీ బిగించేసి స్ప్లిట్ ఏసీ వేసేవాళ్లు. లోపల నలుగురం: సూపర్‌వైజర్ సార్, బిల్లులు రాసే అక్క, టీ తెచ్చే తాత, నేను. సార్ గంటకో సిగరెట్ వెలిగించేవారు. అక్క దగ్గితే, "ఏసీ ఉంది కదమ్మా, లాగేస్తుందిలే" అనేవారు.

థర్మల్ పేపర్ పాసైన నేను కూడా నమ్మేశాను!

నిజానికి స్ప్లిట్ ఏసీ దేన్నీ బయటికి లాగదు. గదిలో గాలినే తీసుకుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి యూనిట్‌కి పైపులో వెళ్లేది రిఫ్రిజరెంట్, గాలి కాదు. లోపలి జాలీ దుమ్మును ఆపుతుందేమో గానీ, పొగలో ఎక్కువ కణాలు మైక్రాన్ కంటే చిన్నవి. వాయువుల్ని అది అసలే ఆపలేదు.

లెక్క వేద్దాం. సందుల గుండా గంటకు గదిలో సగం గాలి మారుతుందనుకోండి. గోడలకు అంటుకునే పొగను పక్కన పెడితే, ఒక సిగరెట్ పొగ సగానికి తగ్గడానికి దాదాపు 83 నిమిషాలు, 5 శాతానికి రావడానికి 6 గంటలు పడుతుంది. గంటకొకటి చొప్పున కాలుస్తూ పోతే, సార్ కొత్తది వెలిగించే సమయానికే ఒకటిన్నర సిగరెట్ల పాత పొగ గదిలో తిరుగుతూ ఉంటుంది. కిటికీలు తీసి గంటకు 5 సార్లు గాలి మార్చినా, 5 శాతానికి రావడానికి 36 నిమిషాలు. ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే చెప్పేదీ ఇదే: గాలి మార్చి ఈ ముప్పును పూర్తిగా తీసేయలేం, లోపల కాల్చకుండా ఉండటమొక్కటే దారి.

ముప్పు చిన్నదేం కాదు. ఇంట్లోనో పనిచోటో ఇతరుల పొగ పీల్చేవారికి గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక చెప్పింది. మన దేశంలో 2016-17 సర్వే ప్రకారం నాలుగు గోడల మధ్య పనిచేసే పెద్దవాళ్లలో 30.2 శాతం మంది పనిచోట ఈ పొగ పీలుస్తున్నారు. డీసీపల్లి, కలిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్న జిల్లా మనది. పొగ మీద ఎవరికీ చప్పున కోపం రాదు.

చట్టం మాత్రం ఉంది. 2003 నాటి కోట్పా చట్టం నాలుగో సెక్షన్ బహిరంగ స్థలాల్లో పొగ నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు ఆఫీసుల్ని, పనిస్థలాల్ని కూడా అందులో చేర్చాయి. కాల్చినవారికి జరిమానా 200 రూపాయల దాకా. నాకు నచ్చింది ఇంకోటి: బాధ్యత యజమాని మీదా పెట్టారు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డు పెట్టాలి, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు ఇవ్వకూడదు, ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు రాయాలి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే జరిమానా ఆయనకే.

మా కంటైనర్‌లో కూడా బోర్డుంది. పేరు రాయాల్సిన గీత మీద ఏమీ లేదు. రాస్తే సార్ పేరే రాయాలి మరి.

నేను నోరెత్తలేదు. సర్టిఫికెట్ మీద సంతకం ఆయనదే కదా! చివరి రోజు సంతకం అయ్యాక, పైన వేసిన లెక్క కాగితం చూపించాను. సార్ రెండుసార్లు చదివి, "అంటే ఇది యాడికీ పోదా నాయనా?" అని, చేతిలో ఉన్నది పట్టుకుని బయటికెళ్లి కాల్చారు. అక్క నా వైపు చూసి, "ఈ కాగితం మొదటి రోజే చూపించుండొచ్చు కదరా" అంది.