ఫోన్‌పై ఏ కార్డ్ ఆఫర్‌తో ఎంత మిగులుతుంది? ఇలా లెక్కేయండి
రూ.30,000 ఫోన్ కొంటున్నారనుకుందాం. ‘10% తగ్గింపు’ అని పెద్దగా రాసినా, కింద ‘గరిష్ఠంగా రూ.1,250’ అని ఉంటే వచ్చేది అంతే. అదే 5% క్యాష్‌బ్యాక్ కార్డ్ అయితే రూ.1,500 వస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని డిస్కౌంట్‌గా ఇస్తారు కానీ, దానిపై 18% జీఎస్టీ మనమే కట్టాలి. వడ్డీ రూ.1,400 అయితే జీఎస్టీ రూ.252. ప్రాసెసింగ్ ఫీజు అదనం. పైగా చాలా కార్డులు ఈఎంఐపై రివార్డులు ఇవ్వవు.

కొత్త కార్డ్‌కు అప్లై చేసే ముందు ఆదాయ అర్హత, వార్షిక ఫీజు చూసుకోండి. సిబిల్ స్కోర్ 750 దాటితే కార్డ్ వచ్చే అవకాశం ఎక్కువ. ఒకేసారి నాలుగైదు బ్యాంకులకు అప్లై చేస్తే స్కోర్ తగ్గొచ్చు.

బిల్లు మొత్తం గడువులోగా కడితేనే ఇదంతా లాభం. మినిమమ్ డ్యూతో సరిపెడితే చాలా కార్డుల్లో నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది. ఆ రూ.1,500 రెండు నెలల్లోనే ఆవిరైపోతుంది!