మంచునేల అడుగున చమురు

అలాస్కా ఈశాన్య కొసన ఉన్న ఆర్కిటిక్ వన్యప్రాణి సంరక్షణ ప్రాంతంలో 15 లక్షల ఎకరాల తీరమైదానం ఉంది. అక్కడ చమురు తవ్వాలంటే కాంగ్రెసు అనుమతి కావాలని 1980 నాటి చట్టం నిర్దేశించగా, 2017 నాటి చట్టం ఆ అనుమతినిచ్చింది. మైదానంలోనూ దాని చేరువలోనూ 570 నుండి 1,600 కోట్ల పీపాల చమురు తీయవచ్చునని 1998లో ప్రభుత్వ భూగర్భ శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

అయితే ఆ నేల స్వభావం వేరు. పైనున్న నాచుపొర అడుగు మంచును కరగనీయక కాపాడుతుంది. ఆ పొర నలిగితే మంచు కరిగి నేల కుంగుతుంది. 1984-85లో అన్వేషణ వాహనాలు చేసిన చాళ్ళు కొన్ని దశాబ్దాల తరువాత కూడా చెరగలేదు. ఒలికిన చమురును విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు సైతం ఆ చలిలో మందకొడిగా పనిచేస్తాయి.

అక్కడ ఈనే కారిబూ దుప్పులే గ్విచిన్ ప్రజలకు జీవనాధారం. కనుక వారు తవ్వకాన్ని వ్యతిరేకిస్తున్నారు. మైదానంలోనే నివసించే ఇనుపియాట్లలో పలువురు చమురు రాబడిని కోరుతున్నారు. ఇరువురి వాదనా తోసిపుచ్చదగినది కాదు.

2025 జనవరి వేలంలో ఒక్క పాటదారూ ముందుకు రాలేదు. అయినా అదే ఏడు జులైలో వచ్చిన చట్టం మరి నాలుగు వేలాలను విధించింది. తీయని చమురు రేపటికీ అక్కడే ఉంటుంది. కుంగిన నేలను పూర్వస్థితికి తెచ్చే ప్రక్రియ మాత్రం మన ప్రయోగశాలలలో లేదు. నిర్ణయానికి ముందు ఈ వ్యత్యాసాన్ని తూచి చూడడం వివేకం.