పాత జీపులోని ఆల్టర్నేటరు

నూజివీడు, ఆగిరిపల్లి తోటలనుండి మామిడికాయ నున్న మార్కెట్టునకు తరలు వేసవిలో జీపు సెల్ఫు తిరుగకున్నచో, రైతులు తొలుత బ్యాటరీని నిందించి క్రొత్తది కొనుచున్నారు. దోషము ఆల్టర్నేటరునందున్నచో క్రొత్త బ్యాటరీయు కొలదిదినములకే చల్లబడును.

రెండవ ప్రపంచయుద్ధకాలపు (1939-45) విల్లీసు జీపులలో డైనమో యుండెడిది. ఇంజను మెల్లగా తిరుగునపుడు దానివలన విద్యుత్తు మిక్కిలి తక్కువ. పిమ్మట వచ్చిన ఆల్టర్నేటరులో నడుమ విద్యుదయస్కాంతము తిరుగును. చుట్టునున్న రాగితీగలలో పుట్టిన విద్యుత్తును డయోడులు ఏకదిశకు మరల్చి బ్యాటరీకి పంపును.

పరీక్షకు వోల్టుమీటరు చాలును. 12 వోల్టుల బ్యాటరీ నిండుగానుండి ఇంజను ఆగి కొన్నిగంటలైనచో సుమారు 12.6 చూపును, ఇంజను నడచునపుడు 13.8 మొదలు 14.4 వరకు చూపవలెను. ఎక్కకున్నచో ఛార్జింగు లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బ్యాటరీ నీరు త్వరగా ఇంకిపోవును.

మెకానిక్కును పిలుచుటకు ముందు, ఇంజను ఆపి బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడుడు. అర అంగుళముకంటె మిక్కిలి లొంగినచో బిగింపవలెను. నూనె పీల్చినచో మార్చవలెను. తోటదారి దుమ్మును, తుప్పును తుడిచి ఎర్తు తీగను బిగింపుడు. తరువాతనే లోపలి కార్బన్ల అరుగుదల చూడవలెను.

ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి పరీక్షించుట డైనమోనాటి అలవాటు. దీనిని మేము గట్టిగా నిషేధించుచున్నాము. వోల్టేజి ఒక్కమారుగా పెరిగి డయోడులు కాలిపోవును. బంపరునకు వెల్డింగు చేయించునపుడును, ముందుగా ఇంజను ఆపి, బ్యాటరీ తీగలను, ఆల్టర్నేటరు తీగలను విడదీయవలెను.