చేతి గాయానికి ఆపరేషన్ – యాంటీబయాటిక్ ఎప్పుడు? ఎంత?

మన తుమ్మలపల్లె, వేముల, పులివెందుల ప్రాంతంలో చేతికి దెబ్బ తగలని ఇల్లు అరుదు. అరటి గెలలు నరికేటప్పుడు కత్తి జారుతుంది. గడ్డి కత్తిరించే మిషనులో వేళ్ళు పడతాయి. ఎర్రగుంట్ల వైపు బండలు ఎత్తేటప్పుడు వేలు నలుగుతుంది. ఆసుపత్రికి రాగానే చాలామంది అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, చీము పట్టకుండా మంచి పవర్ మాత్రలు రాయించండి." ఇంటికి పోయేటప్పుడు చీటీలో ఆ మాత్రలు లేకపోతే వైద్యం సరిగా జరగలేదేమోనని అనుమానపడతారు.

చీము పట్టకుండా ముందుగా ఇచ్చే యాంటీబయాటిక్ వేరు, చీము పట్టాక ఇచ్చేది వేరు. ముందుగా ఇచ్చేదానికి సమయం చాలా ముఖ్యం. 1961లో అమెరికాలో జాన్ బర్క్ అనే సర్జన్, గినీపిగ్ అనే చిన్న జంతువుల చర్మంలోకి సూక్ష్మక్రిములను ఎక్కించి పరీక్షించారు. క్రిములు చేరేటప్పటికే ఒంట్లో మందు ఉన్న జంతువులకు జబ్బు బాగా అణిగింది. మూడు గంటలు దాటాక మందు ఇచ్చిన వాటికీ, అసలు ఇవ్వని వాటికీ తేడా కనబడలేదు.

అందుకే విరిగిన ఎముకకు ప్లేటు వేసే ఆపరేషన్లలో, కోత పెట్టడానికి ముందు, సాధారణంగా గంటలోపల, నరానికి ఒక ఇంజక్షన్ వేస్తాము. ఎక్కువగా వాడేది సెఫాజోలిన్. చేతి ఆపరేషన్లో ఇంకొక మెలిక ఉంది. రక్తం కారకుండా పైచేతికి గాలి పట్టీ బిగిస్తారు. బీపీ చూసే పట్టీ లాంటిదే, కానీ ఆపరేషన్ అయ్యేదాకా వదలరు. అది బిగించిన తర్వాత ఇచ్చిన మందు ఒళ్ళంతా తిరుగుతుంది గానీ వేళ్ళ దాకా పోదు. కాబట్టి మందు ముందు, పట్టీ తర్వాత.

ఆపరేషన్ ముగిశాక ఈ ముందుజాగ్రత్త మందును పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. అయిదు రోజుల మాత్రలు రాయలేదంటే డాక్టరుగారు మరచిపోయారని కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి శుభ్రమైన కత్తితో తెగిన చిన్న గాయమైతే, బాగా కడిగి కుట్లు వేస్తే చాలు. ఆ ఒక్క ఇంజక్షన్ కూడా చాలాసార్లు అక్కరలేదు. అనవసరంగా మింగితే విరేచనాలు పట్టుకోవచ్చు, నిజంగా అవసరమైన రోజున క్రిములు ఆ మందుకు లొంగకపోవచ్చు.

మరి ఎవరికి కావాలి?

ఎముక విరిగి గాయం తెరుచుకున్నా, మిషనులో చెయ్యి నలిగినా, పేడ మట్టి లోపలికి పోయినా, కుక్కో పిల్లో కరిచినా సంగతి వేరు. క్రిములు అప్పటికే లోపల చేరాయి. ఎముక విరిగిన గాయంలో ఆపరేషన్ గది ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, వచ్చిన వెంటనే మందు పడాలి. "ఈ పూట పని కానీ, రేపు చూద్దాం" అనుకుంటే ఆ మేలు పోతుంది. గొడవలో ఎదుటివాడి పంటికి తగిలి పిడికిలి గీసుకున్నవాళ్ళు సిగ్గుపడి "తలుపు సందున పడింది" అంటారు. నిజం చెప్పండి, మేము ఎవరికీ చెప్పము. మనిషి పంటి గాయానికి ఇచ్చే మందు వేరు.

ఇంటి దగ్గర మీరు చేయవలసింది కడగడం. ధారగా పడే మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి, ఉతికిన గుడ్డతో ఒత్తిపట్టి, చెయ్యి పైకెత్తి తీసుకురండి. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు కడగాలి, రేబిస్ టీకా తప్పనిసరి. కాఫీ పొడి, సున్నం, బీడీ బూడిద అద్దుకొని వస్తే వాటిని తీయడానికే చాలాసేపు పడుతుంది, నొప్పి కూడా మీకే. ఉంగరం వెంటనే తీసేయండి. వేలు వాచాక దాన్ని కోయవలసి వస్తుంది. షుగరు ఉన్నా, పెన్సిలిన్ పడకపోయినా ముందే చెప్పండి. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. యాంటీబయాటిక్ దాని బదులు పనిచేయదు.

కుట్లు వేశాక నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోటు పెడుతున్నా, ఎరుపు పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా, వేలు మొత్తం వాచి చాపబోతే ప్రాణం పోయినట్లున్నా మెడికల్ షాపులో మాత్రలు కొనకండి. ఆ రాత్రే రండి. నరం తొడుగులో చీము చేరితే మాత్రలతో మాత్రమే ఆగకపోవచ్చు, తెరిచి కడగవలసి రావచ్చు.