చలినీటిలో చేప కొవ్వు గడ్డకట్టదేం?

చలికాలం ఉదయాన నేతి గిన్నె చూడండి. నెయ్యి పేరుకొని ఉంటుంది. పక్కనే సీసాలో వేరుశనగ నూనె మాత్రం మామూలుగానే కదులుతూ ఉంటుంది. రెండూ కొవ్వులే. మరి ఈ తేడా ఎందుకు?

ఆ చలికే చెరువు నీళ్ళూ చల్లబడతాయి. అందులోని బొచ్చె, శీలావతి చేపలకు మనలాగా ఒంట్లో వెచ్చదనం నిలుపుకొనే ఏర్పాటు లేదు. నీటితోపాటు వాటి ఒళ్ళూ చల్లబడుతుంది. చేప కండరంలోని ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. కొవ్వు పదార్థాలు, మాంసకృత్తులు కలిసి ఆ పొర ఏర్పడింది. అది నెయ్యిలా బిగుసుకుపోతే లవణాలు అటూ ఇటూ సాగవు. కండరం కదలదు. చేప ఈదలేదు.

కిటుకంతా కొవ్వు ఆమ్లాలలో ఉంది. కొవ్వు ఆమ్లమంటే ముఖ్యంగా కర్బన పరమాణువుల గొలుసు. స్టియరిక్ ఆమ్లంలో 18 కర్బన పరమాణువులు తిన్నగా ఉంటాయి. అగ్గిపెట్టెలో పుల్లల్లా ఈ గొలుసులు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. అందుకే అది కరగడానికి 69 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. ఓలియిక్ ఆమ్లంలోనూ 18 కర్బన పరమాణువులే. కాని గొలుసు మధ్య ఒక ద్విబంధం ఉంది. అక్కడ గొలుసు వంగుతుంది. వంకర పుల్లలు పెట్టెలో సర్దుకోవు కదా! అందువల్ల అది సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది. రెండు ద్విబంధాలున్న లినోలియిక్ ఆమ్లం సున్నకు 5 డిగ్రీలు దిగువన గాని గడ్డకట్టదు. ద్విబంధం లేనివి సంతృప్త ఆమ్లాలు, ఉన్నవి అసంతృప్త ఆమ్లాలు.

చలి పెరిగితే చేప తన కణపొరల్లో ఈ వంకర గొలుసుల పాలు పెంచుకుంటుంది. 1996లో ఇంగ్లండులోని లివర్‌పూల్ శాస్త్రజ్ఞులు బొచ్చెకు చుట్టమైన కార్ప్ చేపలను 30 డిగ్రీల నీటి నుంచి క్రమంగా 10 డిగ్రీలకు తెచ్చి పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. చేపల కాలేయంలో ఒక ఎంజైము ఎక్కువగా తయారైంది. తిన్నని గొలుసులో ద్విబంధం పెట్టడమే దాని పని!

అయితే అన్ని ద్విబంధాలనూ చేప సొంతంగా పెట్టుకోలేదు. ఒమేగా-3 రకం ఆమ్లాలకు మూలం మేతలోనే ఉండాలి. నీటిలోని సూక్ష్మమైన నాచు వాటిని తయారుచేస్తుంది. నాచును చిన్న నీటిప్రాణులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. చెరువులో వేసే తవుడు, వేరుశనగ చెక్కలలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువ, ఒమేగా-3 తక్కువ. కనుక ఒకే జాతి చేప అయినా, మేత మారితే కండలోని కొవ్వు ఆమ్లాల పాళ్ళు మారతాయి.

ఒమేగా-3 ఆమ్లాలను మూలం నుంచి తయారుచేసుకొనే శక్తి మన ఒంటికీ లేదు. చేపల కూరతో అవి మన కంచంలోకి వస్తున్నాయంటే, మొదట వాటిని వండిపెట్టింది ఎండలో పెరిగిన పచ్చటి నాచే!